ఆ ధైర్యం ఎక్కడి నుంచి వస్తోంది?

ఒక ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగిందన్న వార్త వచ్చిన రోజు తిరుపతి టీ కొట్ల దగ్గరైనా, చిత్తూరు బస్టాండులోనైనా వినిపించే కారణాలు దాదాపు ఒకటే. సెల్‌ఫోన్లు, సినిమాలు, మందు, గంజాయి, ఆ పిల్ల వేసుకున్న బట్టలు, ఆ వేళకు అక్కడ ఆమెకేం పని అన్న ప్రశ్న. వీటిలో కొన్నింటికి నేరంతో సంబంధం ఉంది. కొన్నింటికి బొత్తిగా లేదు. అయితే అన్నీ కలిసి ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి: ఆ మగవాడికి ఆ కోరిక ఎందుకు పుట్టింది? కోరిక పుట్టిన ప్రతివాడూ దాడి చేయడు. చేసినవాడికి మాత్రం తాను చేయవచ్చని, చేసినా తనకేమీ కాదని గట్టిగా అనిపించి ఉంటుంది. ఆ ధైర్యం అతనికి ఎవరిచ్చారు? దాన్ని వెతుక్కుంటూ పోతే ఫోను కంటే ముందు ఇంటి గడప దగ్గర ఆగాల్సి వస్తుంది.

జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ఇచ్చే లెక్కల్లో, అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. బంధువు, పొరుగింటివాడు, పని ఇచ్చినవాడు, పెళ్లి చేసుకుంటానన్నవాడు. 2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12 వేలమందికి పైగా పిల్లలతో మాట్లాడించి ఒక అధ్యయనం విడుదల చేసింది. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని 53 శాతం మంది పిల్లలు చెప్పారు. అలా చెప్పినవాళ్లలో సగానికి పైగా మగపిల్లలు. వేధించినవాళ్లలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మకంగా మెలిగినవాళ్లు. ఎక్కువమంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మనం మాత్రం పిలకాయలకు ఇప్పటికీ ఒకటే జాగ్రత్త నేర్పుతున్నాం, కొత్తవాళ్లు చాక్లెట్ ఇస్తే తీసుకోవద్దని.

పిల్లలకు నేర్పే మర్యాదలో ‘వద్దు’ అనడానికి చోటు చాలా తక్కువ. ఊరి నుంచి వచ్చిన మామ ఒళ్లో కూర్చోమంటే కూర్చోవాలి. తాత బుగ్గ గిల్లితే నవ్వాలి. చిన్నాయన పిలిస్తే పోవాలి. పోనని మొండికేస్తే ‘పెద్దోళ్లంటే భయం లేదా’ అని అమ్మే కసురుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, బంధువుల ముందు పిల్ల గారాబంగా పెరిగిందని అనిపించుకోకూడదన్న తాపత్రయమే. కానీ ఏడేళ్ల పిల్లకు ఇందులో తెలిసివచ్చేది, తన ఒంటి మీద తన మాట చెల్లదని. వేధించేవాడికి కావాల్సిందీ అదే. అలాంటివాడు ఒక్కరోజులో దాడికి దిగడు. నెలల తరబడి ముట్టుకుంటూ, కానుకలిస్తూ, ఇంట్లోవాళ్లకు చేదోడుగా ఉంటూ, పిల్ల ఎంతవరకు ఊరుకుంటుందో చూసుకుంటాడు. ఇంట్లో అందరికీ మంచివాడుగా ఉండటం అతని పద్ధతిలో భాగం. రేపు పిల్ల నోరు తెరిచినా ‘ఆయనా? ఛ, అట్లాంటోడు కాదు’ అనేవాళ్లను ముందుగానే సంపాదించుకుంటాడు.

రాయలసీమలో దీనికి ఇంకో పొర ఉంది. మేనమామకో, మేనబావకో ఇచ్చి చేయడం ఇక్కడ పాత అలవాటు. పిల్ల పుట్టినప్పుడే ‘నా కోడలు పుట్టింది’ అనే అత్తలు ఇప్పటికీ ఉన్నారు. దానివల్ల మరదలితో సరసం బావ హక్కుగా చెలామణి అవుతుంది. పదమూడేళ్ల పిల్ల జడ లాగినా, నడుము గిల్లినా చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. పిల్ల ఏడిస్తే ‘బావే కదా’ అంటారు. ఈ సరసాల్లో చాలా భాగం సరసంగానే ఆగిపోతుందన్నది నిజమే. ఎక్కడ ఆగాలో నిర్ణయించే అధికారం మాత్రం పూర్తిగా బావ చేతిలోనే ఉంది. అతను హద్దు దాటిన రోజున పిల్లకు ఫిర్యాదు చేసే దారి ఉండదు. ఎందుకంటే హద్దు ఉందని ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

పిల్ల పెద్దమనిషి కాగానే ఫంక్షన్ చేసి, ఫొటోతో ఫ్లెక్సీ కొట్టించి వీధి మొదట్లో కట్టే ఊళ్లు ఈ జిల్లాల్లో తక్కువేం కాదు. ఆ పిల్ల ఒంట్లో వచ్చిన మార్పు ఆ దారిన పోయే ప్రతి మగవాడికీ తెలుస్తుంది. ఆ మర్నాటి నుంచి ఆటలు బంద్, సైకిలు బంద్, గట్టిగా నవ్వడం బంద్. అదే వయసులో గొంతు మారిన మగపిల్లవాడికి ఒక్క కొత్త నియమమూ రాదు. కాపలా మొత్తం ఆడపిల్లకు. ఆ కాపలాకు చివరి మెట్టు తొందరపడి చేసే పెళ్లి. 2019-21 మధ్య జరిగిన 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. ‘కాలం బాగాలేదు, ఒక అయ్య చేతిలో పెడితే మా బరువు దిగుతుంది’ అన్నది తల్లిదండ్రులు చెప్పే కారణం. అంటే బయటి హింసకు భయపడి పెళ్లి చేస్తున్నారు. కానీ లైంగిక హింస ఎదుర్కొన్నామని దేశం మొత్తం మీద అదే సర్వేకు చెప్పిన పెళ్లయిన స్త్రీలలో 80 శాతానికి పైగా చూపించింది ప్రస్తుత భర్తనే. 18 ఏళ్లలోపు భార్యతో సంబంధం అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017 అక్టోబరులో తేల్చింది. 18 దాటిన భార్య విషయంలో భర్తకున్న మినహాయింపు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అలాగే ఉంది.

‘ముల్లు వచ్చి ఆకు మీద పడినా, ఆకు పోయి ముల్లు మీద పడినా చిరిగేది ఆకే’ అని ఆడపిల్లలకు అమ్మమ్మల కాలం నుంచి చెబుతున్నారు. ప్రేమతో, భయంతో చెప్పే మాటే. దాన్ని విని పెరిగిన పిల్ల తన మీద ఏదైనా జరిగినప్పుడు మొదట తనలోనే తప్పు వెతుక్కుంటుంది. అదే ఇంట్లో అదే మాట విన్న తమ్ముడికి, ఏం జరిగినా నష్టం అవతలివాళ్లదే అని అర్థమవుతుంది. ఆడపిల్లలకు జాగ్రత్త చెబుతున్నామనుకుంటూ మగపిల్లలకు మనం ఇస్తున్న అభయం ఇది.

పిల్ల ధైర్యం చేసి చెప్పినప్పుడు ఇంట్లో మొదట వినిపించే మాట చాలాసార్లు ‘గమ్మునుండు, మీ నాయనకు తెలిస్తే కొంపలంటుకుంటాయి’. ఈ మాట అన్న తల్లిని రాక్షసిగా చూడటం తేలిక. ఆమె లెక్క వేరే ఉంటుంది. వేధించినవాడు భర్త తమ్ముడైతే ఉమ్మడి పొలం, ఉమ్మడి అప్పు ఉంటాయి. భర్తే అయితే ఇంటి అద్దె, తిండి, మిగతా పిల్లల ఫీజులు అతని సంపాదన మీదే ఉంటాయి. పుట్టింటికి పోదామంటే అక్కడ అన్నావదినెలు. రేపు ఈ పిల్లకు సంబంధం రాదన్న దిగులు వీటన్నిటికీ తోడు. శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్న స్త్రీలలో దేశం మొత్తం మీద 77 శాతం మంది ఎవరి సాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పలేదు అని పైన చెప్పిన సర్వేలోనే ఉంది. తన నొప్పే బయటికి చెప్పుకోలేని ఆడమనిషి, బిడ్డ నొప్పిని స్టేషన్ దాకా తీసుకెళ్తుందని ఎలా ఆశించగలం? నేరస్థుడికి ఈ లెక్కలన్నీ తెలుసు. బయటివాడి కంటే ఇంటివాడికి ఎక్కువ తెలుసు.

పరువు కోసం ఇంత మౌనంగా ఉండే కుటుంబాలు పోలీస్ స్టేషన్ గడప తొక్కడమే లేదని కాదు. పదిహేడేళ్ల అమ్మాయి తాను ఇష్టపడ్డ అబ్బాయితో, అందులోనూ వేరే కులం అబ్బాయితో వెళ్లిపోతే, గంటల్లోనే స్టేషన్‌లో ఉంటారు. కిడ్నాప్ అని, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) అని కేసు పెట్టమంటారు. అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్‌లలో 2016 నుంచి 2020 వరకు వచ్చిన ఏడువేలకు పైగా పోక్సో తీర్పులను పరిశీలిస్తే దాదాపు నాలుగో వంతు ఇలాంటి ప్రేమ వ్యవహారాలేనని తేలింది. మైనర్ల రక్షణకు చట్టం ఉండాల్సిందే, అందులో సందేహం లేదు. బాధ కలిగించేది ఈ తేడా. పిల్ల తన ఇష్టంతో గడప దాటితే కుటుంబం ఊరంతా తెలిసేలా కదులుతుంది, పిల్ల ఇష్టం లేకుండా ఇంట్లోనే ఒకడు చేయి వేస్తే తలుపులు మూసుకుంటుంది. రెండుచోట్లా కాపాడుతున్నది పరువునే. పిల్లను కాదు.

ఇక మగపిల్లలు. 2013 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సంస్థలు ఆసియా, పసిఫిక్ ప్రాంతంలోని ఆరు దేశాల్లో పదివేలమందికి పైగా మగవాళ్లను అడిగి చేసిన అధ్యయనం ఒకటి వెలువడింది. బంగ్లాదేశ్, శ్రీలంక అందులో ఉన్నాయి, భారతదేశం లేదు. అయినా మన ఇళ్లకు పనికొచ్చే సంగతులు అందులో చాలా ఉన్నాయి. ‘అత్యాచారం’ అన్న మాట వాడకుండా, ఒప్పుకోని ఆడమనిషిని ఎప్పుడైనా బలవంతం చేశావా అని అడిగితే దాదాపు నాలుగో వంతు మంది చేశామన్నారు. ఎందుకు చేశావంటే ఎక్కువమంది చెప్పిన కారణం, తనకు ఆ హక్కు ఉందనుకోవడం. ఆమె ఒప్పుకుందా లేదా అన్నది వాళ్ల ఆలోచనలోకే రాలేదు. మందు మత్తులో చేశామన్నవాళ్ల సంఖ్య దానికంటే తక్కువ. చేసినవాళ్లలో చాలామంది మొదటిసారి ఆ పని చేసింది ఇరవై ఏళ్లు నిండకముందే. అత్యధికులకు ఏ శిక్షా పడలేదు. చిన్నతనంలో దెబ్బలు తిన్నవాళ్లలో, లైంగిక వేధింపుకు గురైనవాళ్లలో, అమ్మ తన్నులు తినడం చూసినవాళ్లలో ఈ ప్రవర్తన మిగతావాళ్లకంటే ఎక్కువగా కనిపించింది.

చివరి మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. చిన్నప్పుడు హింసకు గురైన పిల్లల్లో అత్యధికులు పెద్దయ్యాక ఎవరినీ హింసించరు. చాలామంది అలాంటి పరిస్థితి ఇంకొకరికి రాకూడదనే బతుకుతారు. దెబ్బలు తిన్న బాల్యం నేరానికి సాకు కాదు, జాతకమూ కాదు. అయితే ఇంట్లో బలం ఉన్నవాడు కొట్టడం, లేనివాళ్లు పడటం రోజూ చూసే పిల్లవాడికి ఒక పద్ధతి అలవాటవుతుంది. భర్త భార్యను కొట్టడానికి తగిన కారణాలు ఉంటాయని ఒప్పుకున్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. ఇది 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క, అందులో తెలంగాణ తర్వాత మనదే పైస్థానం. కొడుకులను పెంచుతున్నది ఈ నమ్మకం ఉన్న ఇళ్లలోనే. అన్నం వడ్డించేది అక్క, కంచం కడిగేది చెల్లి, అడిగింది ఇవ్వకపోతే విసిరికొట్టే హక్కు అబ్బాయిది. పదిహేనేళ్లపాటు ఇంట్లో ఏ ఆడమనిషీ కాదని చెప్పని పిల్లవాడు, కాలేజీలో ఒకమ్మాయి కాదన్నప్పుడు దాన్ని అవమానంగానే తీసుకుంటాడు. ‘తిరిగి ఆడది చెడ్డది, తిరగక మగవాడు చెడ్డాడు’ అన్న సామెత నీడలో పెరిగినవాడికి సాయంత్రం ఎక్కడ తిరిగొచ్చావని అడిగేవాళ్లు కూడా ఉండరు.

సినిమాల సంగతి చాలామంది చెప్పారు. హీరో నెలల తరబడి వెంటపడటం, అమ్మాయి చీదరించుకోవడం, చివరికి ఒప్పుకోవడం అన్న కథ మన తెర మీద ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. దానికంటే ఎక్కువగా పట్టించుకోవాల్సింది, ఒంటి గురించి పిల్లలకు మరెవరూ ఏమీ చెప్పకపోవడం. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి ‘ఇది మీరే చదువుకోండి, బొమ్మ మాత్రం ఇంపార్టెంట్’ అని దాటేసే క్లాసులు ఎన్నో. నాన్న చెప్పడు, సారు చెప్పడు. 2020లో కోవిడ్ వచ్చి ఆన్‌లైన్ క్లాసుల కోసం చాలామంది పిల్లల చేతికి ఫోను వచ్చాక ఆ ఖాళీని పోర్న్ నింపింది. అక్కడ వద్దన్న అమ్మాయి కాసేపట్లో నవ్వుతుంది, నొప్పి సంతోషంగా కనిపిస్తుంది. ఫోను లాక్కుంటే ఇది ఆగదు. ఎదుటి మనిషి ఇష్టం అంటే ఏమిటో ఒక పెద్దమనిషి తలదించుకోకుండా పిల్లవాడికి చెప్పగలిగితే, ఫోనులో చూసింది అబద్ధమని గుర్తుపట్టే వీలైనా వాడికి ఉంటుంది.

మందు గురించి ఈ ప్రాంతపు ఆడవాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పక్కనే ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో స్త్రీలు సారా కొట్టు మూయించడంతో మొదలైన ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం తెచ్చింది. తరచూ తాగే భర్తలున్న స్త్రీలలో 70 శాతం మంది, అసలు తాగని భర్తలున్న స్త్రీలలో 23 శాతం మంది హింసను ఎదుర్కొన్నారన్నది 5వ సర్వే చెప్పిన జాతీయ లెక్క. రెండో సంఖ్యను కూడా వదలకూడదు. మత్తు లేకుండానే అంత హింస జరుగుతోంది. పైగా, ఎంత తాగినా ఎవరి మీద చేయి వేయాలో ఆ మనిషికి బాగా తెలుసు. తన యజమాని ఇంటి ఆడవాళ్ల జోలికి పోడు. ఎస్ఐ గారి వీధిలో గొడవ చేయడు. ఒంటరిగా ఉన్న కూలి మనిషినో, మాట సరిగా రాని పిల్లనో, ఇంట్లో భార్యనో ఎంచుకుంటాడు. మత్తులో కూడా ఆ ఎంపిక తప్పడం లేదంటే, ధైర్యానికి మూలం సీసాలో లేదు.

ఎవరి మీద చేయి వేస్తే అడిగేవాళ్లు ఉండరో ఊరికి మొదటి నుంచీ తెలుసు. పాత చిత్తూరు జిల్లా తూర్పు మండలాల్లో, పుత్తూరు, సత్యవేడు వైపు, మాతమ్మ ఆచారం ఉంది. జబ్బు చేసిన ఆడపిల్ల బతికితే చాలు, అమ్మవారికి ఇచ్చేస్తామని మొక్కుకుంటారు. వాళ్లు ఎక్కువగా మాదిగ కుటుంబాలవాళ్లు. పిల్లకు అమ్మవారి పేరుతో తాళి కడతారు. ఆ తర్వాత ఆమెకు మనిషితో పెళ్లి ఉండదు, జాతరల్లో ఆడాలి. భర్త లేని మనిషి అందరికీ అందుబాటులో ఉన్నట్టే అన్నది ఊళ్లోని మగవాళ్ల అవగాహన. ఆమెకు పుట్టిన పిల్లలకు బడి దరఖాస్తులో తండ్రి పేరు దగ్గర ఖాళీ మిగులుతుంది. దేవదాసి పద్ధతిని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టం చేసింది. జోగిని, బసివి, మాతమ్మ, ఏ పేరుతో చేసినా నేరమే. అయినా 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఈ ఆచారం గురించి ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలకు నోటీసులు ఇవ్వాల్సి వచ్చింది.

మాతమ్మ ఆచారాన్ని ఏదో మారుమూల మూఢనమ్మకంగా పక్కన పెట్టేస్తే అసలు సంగతి తప్పిపోతుంది. పేదరికం ఉంది, ఆస్పత్రి దూరం, అందుకే మొక్కు. కులం ఉంది, అందుకే ఆ మొక్కు ఫలితం ఫలానా వీధి ఆడపిల్లలకే దక్కింది. మతం పేరుంది, అందుకే ఎవరూ నోరెత్తలేదు. అనుభవించిన మగవాళ్లలో ఎక్కువమంది ఆ వీధివాళ్లు కారు. పండగ రోజు ఆమె ముందు నిలబడి ఆశీర్వాదం తీసుకున్నవాళ్లే మిగతా రోజుల్లో ఆమెకు కాదనే హక్కు లేదనుకున్నారు. ఒక సమాజం మొత్తం కలిసి మగవాడికి ధైర్యం ఇవ్వడం అంటే ఎలా ఉంటుందో ఇంతకంటే స్పష్టంగా చూపించే ఉదాహరణ ఈ జిల్లాల్లో మరొకటి లేదు. శ్రీకాళహస్తి, సత్యవేడు ప్రాంతాల్లో ఇటుక బట్టీల్లో, తోటల్లో అడ్వాన్సు తీసుకుని కాపురం ఉండే యానాది కుటుంబాల స్థితి కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. అప్పు తీరేదాకా అక్కడి నుంచి కదలలేని ఆడమనిషి మేస్త్రీ మీద ఎవరికి చెప్పుకోవాలి? దళిత, గిరిజన స్త్రీల మీద ఇలాంటి నేరాలకు 1989 అట్రాసిటీ చట్టం కూడా వర్తిస్తుందన్న సంగతి ఆ బట్టీ దాకా చేరదు.

ఏటా మే నెలలో జాతర చేసుకునే తాతయ్యగుంట గంగమ్మ కథ తిరుపతిలో తెలియనివాళ్లు లేరు. కొత్తగా పెళ్లయిన ప్రతి ఆడపిల్లా మొదట తన దగ్గరికి రావాలని శాసించిన పాలెగాడు, అవిలాలలో పుట్టి వాడిని వేషాలు మార్చి వెతికి చంపిన అమ్మవారు. ఆ కథలో నేరస్థుడు చీకట్లో పొంచి ఉన్న కొత్తవాడు కాదు. అందరికీ తెలిసినవాడు, ఊరిని ఏలేవాడు, ఊరంతా భయపడి అలవాటు పడిపోయినవాడు. ఆడవేషం కట్టి మొక్కు తీర్చుకునే మగవాళ్లు వేలల్లో ఉన్న ఈ ఊరికి, లైంగిక హింస అధికారానికి సంబంధించినదని తన కథలోనే తెలుసు. అయినా ఒక సంఘటన జరగగానే ‘పుణ్యక్షేత్రంలో ఇలాంటివా’ అని ఆశ్చర్యపడటం, ఆ వెంటనే ఇదంతా బయటివాళ్ల పని అనుకోవడం ఇక్కడ మామూలైపోయింది. యాత్రికులు, లాడ్జీలు, హాస్టళ్లు, ఇంటి నుంచి పారిపోయి రైలు దిగే పిల్లలు ఉన్న ఊరిలో బయటివాళ్ల నుంచి ప్రమాదం ఉంది. కానీ ఆ పిల్లల్లో కొందరు ఇంట్లో దేని నుంచి తప్పించుకుని వచ్చారో అడిగేవాళ్లు తక్కువ.

పని కోసం తిరిగే బతుకులు ఈ మౌనానికి ఇంకో వీలు కల్పిస్తాయి. కుప్పం నుంచి తెల్లారుజామున రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి తిరిగొచ్చే తల్లిదండ్రులు ఉన్నారు. మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే ఆడవాళ్లు, శ్రీసిటీ షిఫ్టులకు పోయే అమ్మాయిలు ఉన్నారు. తల్లి పనికి పోవడమే తప్పని చెప్పడానికి కొందరు దీన్ని వాడుకుంటారు. తల్లి ఇంట్లో కూర్చుంటే పొయ్యి వెలగదు. పిల్లల్ని చూసుకునే సురక్షితమైన చోటు ఊళ్లో లేకపోవడం, పక్కింటివాళ్ల మంచితనం మీద ఆధారపడాల్సి రావడం అసలు లోపం. షిఫ్టులకు పోయే అమ్మాయిలకు, పనిచోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. కాంట్రాక్టర్ ద్వారా వచ్చిన అమ్మాయికి ఆ కమిటీలో ఎవరున్నారో తెలియదు. రేపు పనిలోకి రావద్దంటారన్న భయం మాత్రం తెలుసు.

విషయం ఎలాగో బయటపడితే పల్లెల్లో మొదట కూర్చునేది పెద్దమనుషుల పంచాయతీ. ఇంత డబ్బు ఇప్పిస్తాం, కేసు వద్దు. లేదంటే వాడికే ఇచ్చి పెళ్లి చేద్దాం. లైంగిక నేరాల్లో రాజీ, పెళ్లి మాటలు ఎత్తకూడదని సుప్రీంకోర్టు 2021 మార్చిలో కింది కోర్టులకు స్పష్టంగా చెప్పింది. రచ్చబండకు ఆ తీర్పు చేరలేదు. అక్కడ రాజీ కుదిర్చే మనిషి తరచుగా నిందితుడి కులంవాడో, అతనికి అప్పిచ్చినవాడో అయి ఉంటాడు. ఒక్క రాజీ కుదిరితే నష్టం ఆ ఒక్క కుటుంబంతో ఆగదు. ఇలాంటి పనికి ధర ఇంత అని ఆ ఊరి కుర్రాళ్లందరికీ తెలిసిపోతుంది.

శిక్షలు పెంచితే ఇవన్నీ ఆగుతాయని చాలామంది నమ్మకం. 2012 నవంబరు 14 నుంచి అమలవుతున్న పోక్సో చట్టంలో శిక్షలను 2019లో పెంచారు. బంధువే అత్యాచారం చేస్తే తీవ్రమైన నేరంగా లెక్కించి కనీసం 20 ఏళ్లు, గరిష్ఠంగా మరణశిక్ష దాకా వేయవచ్చు. అదే ఏడాది డిసెంబరులో మన అసెంబ్లీ 21 రోజుల్లో తీర్పు రావాలంటూ దిశ బిల్లు ఆమోదించింది, అది చట్టం కాలేదు. బయటివాడికి శిక్ష పెంచితే కుటుంబం ఊరట పొందుతుంది. నేరస్థుడు సొంత మామో, తండ్రో అయినప్పుడు మరణశిక్ష అన్న మాటే తల్లి నోరు మరింత నొక్కుతుంది. ‘నీ మాటతో మీ నాయన ఉరికెక్కుతాడు’ అని పిల్లను బెదిరించడానికి ఆ సెక్షనే పనికొస్తుంది. కోర్టులో చిన్నపిల్లలు చెప్పిన మాట మార్చేయడం వెనుక ఇలాంటి రాత్రులు చాలా ఉంటాయి. శిక్ష ఎంత పెద్దదన్న దానికంటే, పడుతుందన్న నమ్మకం, ఆ లోపు కుటుంబం నిలబడగలదన్న భరోసా ఎక్కువ పనిచేస్తాయి.

ఆ భరోసాకు కావాల్సిన ఏర్పాట్లు కాగితం మీద ఇప్పటికే ఉన్నాయి. ఏ స్టేషన్ పరిధి అన్నది చూడకుండా జీరో ఎఫ్ఐఆర్ రాసుకోవాలి. పోక్సో కేసులో పిల్ల వాంగ్మూలాన్ని ఆమె ఇంట్లోనో, ఆమె కోరిన చోటో, యూనిఫాం లేకుండా వచ్చిన పోలీసులు తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్ఐ స్థాయి మహిళా అధికారి తీసుకోవాలి. ప్రభుత్వ ఆస్పత్రి అయినా ప్రైవేటు ఆస్పత్రి అయినా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి, పోలీసు కాగితం తెమ్మనకూడదు. బాధితురాలికి లైంగిక అనుభవం ఉందో లేదో చూస్తామంటూ చేసే రెండు వేళ్ల పరీక్ష చేసిన డాక్టరు దుష్ప్రవర్తన కింద చర్యకు గురవుతారని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో చెప్పింది. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి కాబట్టి ‘రేపు చూద్దాం, ఎల్లుండి పెద్దాయనను అడుగుదాం’ అన్న ఆలస్యం పిల్ల ఆరోగ్యానికే ముప్పు. పిల్లల సాయానికి 1098, మహిళలకు 181, అత్యవసరానికి 112.

వీటన్నిటికంటే తక్కువమందికి తెలిసింది డబ్బు సంగతి. తల్లి నోరు నొక్కేది ఎక్కువగా ఇంటి ఖర్చే కాబట్టి దీన్ని గట్టిగా చెప్పాలి. 2020 పోక్సో నిబంధనల ప్రకారం తిండికి, బట్టలకు, రాకపోకలకు తక్షణ సాయం ఇవ్వమని బాలల సంక్షేమ సమితి సిఫారసు చేయవచ్చు. ఆ సిఫారసు అందిన వారంలోగా డబ్బు ఇవ్వాలి. కేసు నడుస్తుండగానే ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం ఇప్పించవచ్చు, తీర్పు వచ్చేదాకా ఆగక్కర్లేదు. విచారణ పొడుగునా పిల్లకు, ఇంటివాళ్లకు తోడుగా ఉండటానికి ఒక సహాయక వ్యక్తిని ఆ సమితే నియమించవచ్చు. జాతీయ న్యాయసేవల సంస్థ 2018 పథకంలో అత్యాచార బాధితులకు పరిహారం కనీసం 4 లక్షలు, గరిష్ఠంగా 7 లక్షలు. దరఖాస్తు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఇవ్వాలి, ఫీజు లేదు. పింఛను, రేషన్ కార్డు గురించి సచివాలయంలో అడిగినంత మామూలుగా ఈ కాగితం గురించి అడిగే తల్లి ఇంకా కనిపించడం లేదు. అడగకముందే ఆమెకు చెప్పాల్సిన బాధ్యత ఆ సచివాలయంలో కూర్చునే మహిళా పోలీసుది, ఊళ్లోని అంగన్‌వాడీ టీచరుది, ఆశా కార్యకర్తది.